ఇంట్లోనే గిటార్ పెడల్: ఒక్క ట్రాన్సిస్టర్ బూస్టర్ నుంచి డబ్బా మీద మెలికల ముగ్గు దాకా

గిటార్‌కీ యాంప్‌కీ మధ్య పెట్టి, కాలితో నొక్కి సౌండ్ మార్చుకునే చిన్న డబ్బానే గిటార్ పెడల్. దాన్ని సొంతంగా చేసుకోవాలని మొదలుపెట్టేవాళ్లలో చాలామంది తొలిసారే డిలేనో (ప్రతిధ్వని ఇచ్చేది), నాలుగైదు నాబ్‌లున్న డిస్టార్షనో (సౌండ్‌ను గరగరలాడించేది) ఎత్తుకుని మధ్యలో వదిలేస్తారు. మొదటి పెడల్ ఒక్క ట్రాన్సిస్టర్‌తో అయిపోయేదిగా ఉండాలి. అలాంటి సర్క్యూట్ 1968 నుంచీ మన ముందు ఉంది. న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ పెట్టిన కొత్తలో, బాబ్ మయర్ డిజైన్ చేసిన ఎల్‌పీబీ-1 బూస్టర్ అది. గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను ఇరవై రెట్లకు పైగా పెంచి యాంప్‌కి పంపుతుంది. గాజు వాల్వులతో పనిచేసే పాతకాలపు వాల్వ్ యాంప్ అయితే ఆ తోపుకి దానంతట అదే గరగరలాడే డిస్టార్షన్‌లోకి వెళ్తుంది. మన ఇళ్లలో ఉండే చిన్న ప్రాక్టీస్ యాంప్‌లు అంత అందంగా గరగరలాడవు కాబట్టి, చివర్లో రెండు డయోడ్లు కలిపి ఇదే పెడల్‌ను డిస్టార్షన్‌గా మార్చే పద్ధతి కూడా చెప్తాను.

ఒక్క మాట ముందే. పెడల్ తయారీలో సోల్డరింగ్ కన్నా పని వరుస ముఖ్యం. ముందు బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా రంధ్రాల్లో గుచ్చి సర్క్యూట్ పరీక్షించే బోర్డు) మీద మోగించాలి, తర్వాత బోర్డు మీద సోల్డర్ చేయాలి, ఆ తర్వాత డబ్బాకు రంధ్రాలు, రంగు, బొమ్మ, అన్నిటికంటే చివర వైరింగ్. మోగిందన్న ఉత్సాహంలో డబ్బాలో బిగించేసి ఆపైన రంగు వేద్దామనుకుంటే స్విచ్‌లోకి పెయింట్ పోతుంది. డ్రిల్లింగ్ ముందు చేసి సర్క్యూట్ తర్వాత ఆలోచిస్తే జాక్‌లు లోపల ఒకదానికొకటి అడ్డం పడతాయి.

సామాన్లు

హైదరాబాద్‌లో ఉంటే కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్, ముంబైలో లామింగ్టన్ రోడ్. రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు ఈ వీధుల్లో ఏ షాపులోనైనా దొరుకుతాయి. పెడల్‌కే ప్రత్యేకమైన రెండు వస్తువులు, కాలితో నొక్కే 3పీడీటీ ఫుట్‌స్విచ్, అల్యూమినియం డబ్బా, మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే సులువు.

రెసిస్టర్లు: 470కే, 47కే, 10కే, 390 ఓమ్స్, 1 మెగ్, 4.7కే, ఒక్కొక్కటి (‘కే’ అంటే వెయ్యి ఓమ్స్, ‘మెగ్’ అంటే పది లక్షల ఓమ్స్). అసలు ఎల్‌పీబీ-1లో 430కే, 43కే ఉంటాయి. అవి మన షాపుల్లో తేలిగ్గా దొరకవు. 470కే, 47కే వాడినా నిష్పత్తి అదే కాబట్టి ఇబ్బంది లేదు.
కెపాసిటర్లు: 0.1 మైక్రోఫారడ్ రెండు (ఒంటి మీద 104 అని రాసి ఉంటుంది, సెరామిక్ కన్నా పాలిస్టర్‌వి మేలు), 100 మైక్రోఫారడ్ 25 వోల్టులది ఒకటి.
ట్రాన్సిస్టర్: బీసీ549సీ లేదా బీసీ547సీ. 2ఎన్5088 దొరికితే అదీ సరే.
డయోడ్లు: అడాప్టర్ తిరగబడితే కాపాడటానికి 1ఎన్5817 ఒకటి, డిస్టార్షన్ కోసం 1ఎన్4148 రెండు.
100కే పాట్ (నాబ్‌తో తిప్పి వాల్యూమ్ మార్చే రెసిస్టర్; లాగ్ రకం, అంటే ‘ఏ’ అని ఉండేది), నాబ్, 6.35 మి.మీ. మోనో జాక్‌లు రెండు, ఎల్‌ఈడీ, దాని హోల్డర్, డీసీ జాక్, ఆన్-ఆఫ్ టాగిల్ స్విచ్, జీరో బోర్డు (వరుసగా రంధ్రాలుండే సోల్డరింగ్ బోర్డు) ముక్క, పలచటి వైరు.

షాపుల్లో ఎక్కువగా ఇచ్చేది ‘బీ’ రకం పాట్. దాంతోనూ పని జరుగుతుంది, కాకపోతే నాబ్ కొంచెం తిప్పగానే సౌండ్ ఒక్కసారిగా ఎగిరి, ఆ తర్వాత ఎంత తిప్పినా తేడా తెలియదు. లాగ్ పాట్ కోసం నాలుగు షాపులు తిరిగినా నష్టం లేదు.

డీసీ జాక్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు, ప్లాస్టిక్ బాడీ ఉన్నదే కొనండి. గిటార్ పెడళ్లలో 9 వోల్టుల అడాప్టర్ పిన్నుకి మధ్యలో నెగెటివ్, బయట పాజిటివ్ ఉంటుంది. ఇనుప బాడీ ఉన్న జాక్ బిగిస్తే ఆ బయటి పాజిటివ్ డబ్బాకి తగులుతుంది. డబ్బా ఏమో గ్రౌండ్, అంటే సర్క్యూట్‌లో మైనస్ వైపు. ప్లగ్ పెట్టిన క్షణంలోనే షార్ట్. మరో సంగతి, బయట దొరికే మామూలు 9 వోల్టుల అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్యలో పాజిటివ్ ఉంటుంది. అడాప్టర్ మీద చిన్న గుండ్రటి గుర్తులో ప్లస్, మైనస్ ఎటున్నాయో చూసి, మల్టీమీటర్‌తో మళ్లీ ఒకసారి కొలిచి వాడండి. వైఫై రౌటర్ అడాప్టర్ పట్టుకొచ్చి పెట్టకండి.

బ్రెడ్‌బోర్డ్ మీద

ముందుగా ప్రతి రెసిస్టర్‌ను మల్టీమీటర్‌తో కొలిచి పక్కన పెట్టుకోండి. 47కే పసుపు-ఊదా-నారింజ, 470కే పసుపు-ఊదా-పసుపు. ట్యూబులైటు వెలుతురులో ఆ మూడో పట్టీ నారింజో పసుపో చెప్పడం కష్టం, ఈ రెండూ తారుమారైతే మాత్రం పెడల్ మూగబోతుంది.

ట్రాన్సిస్టర్ కాళ్లూ అంతే. బీసీ547, 549లను బల్లపరుపు వైపు మనకి కనిపించేలా, కాళ్లు కిందికి పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్5088కి సరిగ్గా తిరగేసి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఇంటర్నెట్‌లో దొరికే బోర్డు బొమ్మలు ఎక్కువగా 2ఎన్ రకానికి గీసినవి. వాటిని చూసి బీసీ547 పెట్టేటప్పుడు సగం తిప్పి పెట్టాలి.

కనెక్షన్లు ఇవి. అడాప్టర్ పాజిటివ్ 1ఎన్5817 గుండా పాజిటివ్ లైనుకి వస్తుంది, డయోడ్ మీది తెల్ల గీత సర్క్యూట్ వైపు ఉండాలి. పాజిటివ్ లైనుకి, గ్రౌండ్‌కి మధ్య 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని మైనస్ పట్టీ గ్రౌండ్ వైపు. బేస్ నుంచి 470కే పాజిటివ్‌కి, 47కే గ్రౌండ్‌కి. కలెక్టర్ నుంచి 10కే పాజిటివ్‌కి. ఎమిటర్ నుంచి 390 ఓమ్స్ గ్రౌండ్‌కి. గిటార్ సిగ్నల్ ఒక 104 కెపాసిటర్ దాటి బేస్‌లోకి వస్తుంది, కలెక్టర్ నుంచి ఇంకో 104 దాటి పాట్‌కి వెళ్తుంది. ఇన్‌పుట్ దగ్గర, కెపాసిటర్‌కి గిటార్ వైపున, 1 మెగ్ గ్రౌండ్‌కి. ఫుట్‌స్విచ్ నొక్కినప్పుడు ‘టప్’మనే చప్పుడు తగ్గేది దీనివల్లే.

పాట్ కాళ్లు కిందికి, కాడ మన వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమది గ్రౌండ్‌కి, మధ్యది అవుట్‌పుట్‌కి, కుడిది సర్క్యూట్ నుంచి వచ్చే సిగ్నల్‌కి. డబ్బాలో బిగించాక వెనక నుంచి చూస్తాం కాబట్టి ఎడమ కుడి తారుమారవుతాయి. కాళ్లకి ముందే స్కెచ్‌పెన్‌తో గుర్తు పెట్టుకుంటే మంచిది.

కరెంటు ఇచ్చాక ముందు గిటార్ కాదు, మల్టీమీటర్ పెట్టండి. గ్రౌండ్‌కి, కలెక్టర్‌కి మధ్య 4 నుంచి 6 వోల్టుల లోపు వస్తే ట్రాన్సిస్టర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. దాదాపు 9 వోల్టులు చూపిస్తే ట్రాన్సిస్టర్ తిరగబడి ఉంటుంది, లేదా బేస్‌కి సరఫరా అందడం లేదు. అర వోల్టు చుట్టుపక్కల ఉంటే 47కే, 470కే మారిపోయాయి. ఇప్పుడు పాట్ పూర్తిగా తగ్గించి, యాంప్ వాల్యూమ్ కూడా తగ్గించి, గిటార్ కలిపి నెమ్మదిగా పెంచండి. ఇది నిజంగానే గట్టిగా పెంచే పెడల్, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిసారి ప్రయత్నించొద్దు.

బోర్డు మీదికి

బ్రెడ్‌బోర్డ్ మీద మోగినదాన్ని అదే వరుసలో జీరో బోర్డు మీదికి మార్చాలి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. 63/37 లెడ్ (63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న సోల్డర్ తీగ) వాడితే 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి, అంతే త్వరగా గట్టిపడుతుంది, కొత్తవాళ్ల చేతికి అదే నయం. ఐరన్ మొనతో కాలినీ రాగినీ రెండింటినీ కలిపి వేడి చేసి, లెడ్‌ను ఆ వేడెక్కిన చోట తాకించండి, ఐరన్ మొనకి కాదు. రెండు మూడు సెకన్లలో లెడ్ కాలి చుట్టూ పారి మెరుస్తూ ఆగిపోవాలి. గుండ్రటి ముద్దలా నిలబడితే అది డ్రై సోల్డర్. ఇవాళ మోగినా ఏదో ఒక రోజు స్టేజ్ మీద ఆగిపోతుంది. కిటికీ తెరిచి పని చేయండి, అయిపోయాక చేతులు సబ్బుతో కడుక్కోండి, లెడ్ సీసం ఉన్న పదార్థం.

బోర్డు నుంచి బయటికి వచ్చే వైర్లు ఐదు: ఇన్‌పుట్, పాట్‌కి వెళ్లేది, 9 వోల్టులు, గ్రౌండ్, ఎల్‌ఈడీకి 4.7కే గుండా వచ్చే పాజిటివ్. ఒక్కోదానికి ఒక్కో రంగు వైరు వాడండి, గ్రౌండ్‌కి నలుపే. పొడవు కొంచెం ఎక్కువే ఉంచుకుని, డబ్బాలో బిగించేటప్పుడు కత్తిరించుకోవచ్చు. దీన్ని ఇప్పుడు పక్కన పెట్టేయండి.

డబ్బా

పెడల్ డబ్బాల్లో ఎక్కువగా వాడేవి రెండు సైజులు. 1590బీ సుమారు 112 మి.మీ. పొడవు, 60 వెడల్పు, 31 లోతు. 125బీ సుమారు 120 మి.మీ. పొడవు, 66 వెడల్పు, 39 లోతు. మొదటి పెడల్‌కి 125బీ తీసుకోండి, ఆ ఎనిమిది మిల్లీమీటర్ల అదనపు లోతు ఎంత ఊరటో వైర్లు సర్దేటప్పుడు తెలుస్తుంది. స్టీలు టిఫిన్ డబ్బాలో చేసుకోవచ్చు గానీ స్టెయిన్‌లెస్ స్టీలుకి రంధ్రం వేయడం కష్టం, రేకు పలచన కాబట్టి కాలి కింద లొట్టలు పడుతుంది. ప్లాస్టిక్ డబ్బా అసలే వద్దు. బయటి హమ్మింగ్ లోపలికి రాకుండా ఆపేది లోహపు డబ్బానే.

కాగితం మీద డబ్బా ముఖాన్ని అసలు సైజులో గీయండి. విడిభాగాలన్నిటినీ ఖాళీ డబ్బాలో పెట్టి చూడండి. రెండు జాక్‌లు సరిగ్గా ఎదురెదురుగా వద్దు, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి ఉంటే లోపల ఢీకొనవు. ఫుట్‌స్విచ్ కింది భాగంలో, నాబ్‌కి బూటు తగలనంత దూరంలో. డీసీ జాక్ తల వైపు.

రంధ్రాల సైజులు మామూలుగా ఇలా ఉంటాయి: ఫుట్‌స్విచ్‌కి 12 మి.మీ., జాక్‌లకి 10, చిన్న పాట్‌కి 7, ప్లాస్టిక్ డీసీ జాక్‌కి 12. మీ దగ్గరున్న వస్తువును వెర్నియర్‌తో కొలిచాకే డ్రిల్ పట్టండి. డబ్బా మీద మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద కాగితం అతికించి, ప్రతి కేంద్రం మీద సెంటర్ పంచ్‌తో ఒక దెబ్బ వేయండి. ఆ గుంట లేకపోతే డ్రిల్ బిట్ జారి గీత పెడుతుంది. ముందు 3 మి.మీ. బిట్, తర్వాత మెట్లున్న స్టెప్ బిట్‌తో కావలసిన సైజుకి పెంచుకోవాలి. డబ్బాను చేత్తో పట్టుకుని డ్రిల్ చేయొద్దు, బెంచ్ వైస్‌లో బిగించండి. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం రజను కంటికి కనపడనంత సన్నగా ఎగురుతుంది.

రంగు, బొమ్మ

నాకు ఈ పనిలో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. చేత్తో గీసిన పెడళ్లకి గొప్ప చరిత్రే ఉంది. అమెరికాలోని మినియాపొలిస్‌లో జాకరీ వెక్స్ నడిపిన జీవెక్స్ సంస్థ ఫజ్ ఫ్యాక్టరీలాంటి పెడళ్లను ఒక్కోటీ చేత్తో పెయింట్ చేయించి అమ్మింది. ఏ రెండూ ఒకేలా ఉండవు. మనకి ఇంకా దగ్గరి వనరులు ఉన్నాయి. చేర్యాల నకాషీ బొమ్మల్లోని ఆ నిండు ఎరుపు నేపథ్యం పెడల్ మీద చాలా బాగుంటుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కలంతో గీసే సన్నటి గీతలు నల్ల పెయింట్ పెన్నుతో అల్యూమినియం మీద చక్కగా కుదురుతాయి.

నా ఓటు మాత్రం మెలికల ముగ్గుకే, దానికి కారణం ఉంది. పెడల్ ముఖం మీద రంధ్రాలు ఎలాగూ ఉంటాయి: నాబ్, ఎల్‌ఈడీ, టాగిల్, ఫుట్‌స్విచ్. వాటినే చుక్కలుగా తీసుకుని, వాటి మధ్య మరికొన్ని చుక్కలు పెట్టి, గీతను అన్నిటి చుట్టూ తిప్పి తెచ్చి కలిపేస్తే నాబ్, స్విచ్ బొమ్మలో భాగమైపోతాయి. అయితే ఇది డ్రిల్లింగ్‌కి ముందే కాగితం మీద తేల్చుకోవాలి. రంధ్రాలు ఒకే గడిలో సమదూరంలో పడాలి కదా. నాబ్ వెడల్పు, ఫుట్‌స్విచ్ వాషర్ వెడల్పు కూడా కాగితం మీద వృత్తాలుగా గీసుకోండి, గీత వాటి అంచు నుంచి కనీసం 2 మి.మీ. దూరంలో పోవాలి. లేకపోతే బిగించాక సగం ముగ్గు నట్టు కింద దాక్కుంటుంది.

డబ్బాను ముందు 240, తర్వాత 400 నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది, గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టండి. ఆ తర్వాత ముఖాన్ని వేళ్లతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు ఉన్నచోట పెయింట్ లేస్తుంది. అల్యూమినియానికి మామూలు ప్రైమర్ సరిగా పట్టదు, ఆటోమొబైల్ పెయింట్ షాపులో ఎట్చ్ ప్రైమర్ అడగండి. స్ప్రే డబ్బా ఒక జానెడు పైగా దూరంలో పట్టుకుని పలచటి పొరలు వేయాలి. ఒకే పొరలో కప్పేయాలని చూస్తే కారుతుంది. వానాకాలంలో గాలిలో తేమ వల్ల పెయింట్ మీద, ముఖ్యంగా క్లియర్ కోటు మీద, తెల్లటి పొగమంచులాంటి మరక పడుతుంది. ముసురు పట్టిన రోజున స్ప్రే పట్టకండి. స్ప్రే చేయడం ఇష్టం లేకపోతే గేట్లకీ చక్రాలకీ పౌడర్ కోటింగ్ చేసే షాపులో ఇవ్వొచ్చు, అది ఇంట్లో వేసే ఏ పెయింట్ కన్నా గట్టిగా నిలుస్తుంది.

ఎలా వేసినా లోపలి వైపు పెయింట్ పడకుండా రంధ్రాలను లోపలి నుంచి టేపుతో మూయండి. జాక్ అంచు లోహానికి తగిలితేనే డబ్బా గ్రౌండ్ అవుతుంది.

బొమ్మ చేత్తో గీస్తే యాక్రిలిక్ పెయింట్ మార్కర్లు వాడండి. కంప్యూటర్‌లో డిజైన్ చేస్తే వాటర్‌స్లైడ్ డెకాల్ పేపర్ (నీళ్లలో నానబెడితే బొమ్మ పొర జారి వచ్చే స్టిక్కర్ కాగితం) మీద లేజర్ ప్రింట్ తీయించి, గోరువెచ్చని నీళ్లలో నిమిషం లోపు నాననిచ్చి, డబ్బా మీదికి జార్చి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచులకి నీటిని, గాలి బుడగలను నెట్టేయాలి. ప్రింటర్ తెలుపు రంగు అచ్చు వేయదు. పారదర్శక డెకాల్ వాడితే కింది రంగు లేతగా ఉండాలి, ముదురు నీలం మీద నల్ల ముగ్గు కనిపించదు. డెకాల్ ఒక రాత్రంతా ఆరాక క్లియర్ కోట్లు వేయండి.

పెడల్ మీద తెలుగు అక్షరాలు పెట్టేవాళ్లకి ఒక సూచన. వాయించేవాడు నిలబడి కిందికి చూస్తాడు, వెలుతురు కూడా తక్కువే. చిన్న సైజులో ఒత్తులు, గుడులు పూడిపోయి ముద్దయిపోతాయి. ‘ఉరుము’, ‘జోరు’లాంటి ఒత్తుల్లేని పేర్లు ఎంచుకుని, అక్షరం ఎత్తు కనీసం 5 మి.మీ. ఉంచండి. ఫెర్రిక్ క్లోరైడ్‌తో అల్యూమినియం మీద బొమ్మ చెక్కే పద్ధతి కూడా ఉంది. అది బాగా వేడెక్కి నురగలు కక్కుతుంది, హైడ్రోజన్ వాయువు వస్తుంది. మొదటి పెడల్‌కి దాని జోలికి పోవద్దు.

పెయింట్ గట్టిపడటానికి కనీసం వారం ఇవ్వండి. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, నట్టు బిగించగానే వాషర్ కింద నలిగి చిట్లుతుంది.

వైరింగ్

ఫుట్‌స్విచ్ వెనక తొమ్మిది కాళ్లు మూడు నిలువు వరుసల్లో ఉంటాయి. ఒక్కో వరుసలో మధ్య కాలు ఒకసారి పైదానితో, ఇంకోసారి కిందిదానితో కలుస్తుంది. ఏ మూడు ఒక వరుసో మల్టీమీటర్ బజర్‌తో చూసుకోండి, స్విచ్‌ను పక్కకి తిప్పి పట్టుకుంటే లెక్కంతా తప్పుతుంది.

మొదటి వరుస మధ్య కాలు ఇన్‌పుట్ జాక్ కొసకి, పై కాలు బోర్డు ఇన్‌పుట్‌కి. రెండో వరుస మధ్య కాలు అవుట్‌పుట్ జాక్ కొసకి, పై కాలు పాట్ మధ్య కాలికి. మొదటి, రెండో వరుసల కింది కాళ్లను చిన్న వైరు ముక్కతో కలపండి, పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు గిటార్ నేరుగా యాంప్‌కి పోయే దారి అది. మూడో వరుస మధ్య కాలు గ్రౌండ్‌కి, పై కాలు ఎల్‌ఈడీ పొట్టి కాలికి. ఎల్‌ఈడీ పొడవు కాలికి బోర్డు నుంచి 4.7కే గుండా వచ్చే వైరు. జాక్‌ల గ్రౌండ్ కాళ్లు, డీసీ జాక్ మధ్య పిన్ను, పాట్ గ్రౌండ్ కాలు, బోర్డు గ్రౌండ్ అన్నీ ఒకదానికొకటి కలవాలి. స్విచ్ కాళ్ల మీద ఐరన్ ఎక్కువసేపు ఉంచితే లోపలి ప్లాస్టిక్ కరిగి స్విచ్ పాడవుతుంది. ఒక కాలు చేశాక కాసేపు ఆగి ఇంకో కాలు చేయండి. మూత వేసేముందు బోర్డు వెనక ఇన్సులేషన్ టేపో, మందపాటి అట్టముక్కో పెట్టండి.

ఆఫ్‌లో మోగి ఆన్‌లో మూగబోతే ముందు కలెక్టర్ వోల్టేజ్ మళ్లీ చూడండి, బ్రెడ్‌బోర్డ్ మీద వచ్చిన అంకెతో పోలిస్తే తప్పు బోర్డులోనా స్విచ్‌లోనా తెలిసిపోతుంది. ఆన్, ఆఫ్ రెండింటిలోనూ మూగగా ఉంటే చాలావరకు జాక్ దగ్గరే తప్పు, ప్లగ్ పూర్తిగా దూరినప్పుడు దాని కొస డబ్బా గోడకో బోర్డుకో తగులుతోందేమో చూడండి. ఆన్ చేయగానే హమ్మింగ్ వస్తే ఆ అడాప్టర్ తీసి 9 వోల్టుల బ్యాటరీతో పరీక్షించండి. అప్పుడు ఆగిపోతే తప్పు అడాప్టర్‌ది. సన్నగా రేడియో స్టేషన్ వినిపిస్తే ట్రాన్సిస్టర్ బేస్‌కి, గ్రౌండ్‌కి మధ్య 100 పికోఫారడ్ కెపాసిటర్ పెట్టండి.

డయోడ్లతో గరగర

రెండు 1ఎన్4148 డయోడ్లను ఎదురుబొదురుగా, ఒకదాని గీత ఇటు, ఇంకోదాని గీత అటు ఉండేలా పక్కపక్కన కలపండి. ఒక చివర పాట్ కుడి కాలికి, ఇంకో చివర టాగిల్ స్విచ్ గుండా గ్రౌండ్‌కి. స్విచ్ వేస్తే సిగ్నల్ ఎటువైపూ 0.6 వోల్టు దాటలేక తలలు తెగిపోతుంది, చెవికి అదే డిస్టార్షన్. వాటి బదులు రెండు ఎర్ర ఎల్‌ఈడీలు పెడితే 1.7 వోల్టుల దాకా వదులుతాయి, సౌండ్ పెద్దగా, విశాలంగా ఉంటుంది. జెర్మేనియం 1ఎన్34ఏ డయోడ్లు దొరికితే మెత్తగా, కొంచెం తక్కువ వాల్యూమ్‌లో పలుకుతాయి. మూడూ బ్రెడ్‌బోర్డ్ మీద మార్చి మార్చి విని మీ గిటార్‌కి ఏది నప్పితే అది పెట్టుకోండి. హంబకర్లున్న (రెండు కాయిల్స్ ఉండే పికప్‌లున్న) గిటార్‌కి నేనైతే ఎల్‌ఈడీలే పెడతాను.

వరుసలో ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇందులో భాగమే. ఇంకో ఓవర్‌డ్రైవ్ పెడల్ ఉంటే, బూస్టర్‌ను దాని ముందు పెడితే గరగర పెరుగుతుంది, వాల్యూమ్ పెద్దగా మారదు. వెనక పెడితే అదే టోన్ మరింత బిగ్గరగా వస్తుంది, సోలోలకి అదే కావాలి. డయోడ్ స్విచ్ ఆఫ్‌లో ఉంచి రెండు చోట్లా కాసేపు వాయించి చూడండి.